చలిలో ఏసీ ఎందుకు వెలుగుతుంది: కారు ముందు అద్దం, దానిపై పట్టే ఆవిరి (ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

చలిగా, వానగా ఉన్న పూట కారు ముందు అద్దానికి లోపలి వైపు నుంచి ఆవిరి పట్టినప్పుడు, వంపు తిరిగిన అద్దం బొమ్మ మీద మెలికల బాణాలు గీసి ఉండే డిఫ్రాస్ట్ మీటను మనం నొక్కుతాం. నొక్కిన వెంటనే బ్లోవర్ హోరు పెరుగుతుంది, అద్దం అడుగున ఉన్న సన్నటి సందుల్లోంచి గాలి పైకి కొడుతుంది, చాలా కార్లలో మనం అడగకుండానే ఏసీ దీపం కూడా వెలుగుతుంది. వెచ్చదనం కోసం చూస్తున్న మనిషికి ఇది విడ్డూరంగా తోస్తుంది. కొందరు ఏదో లోపం ఉందనుకుంటారు, మరికొందరు పెట్రోలు దండగని ఏసీని వెంటనే ఆపేస్తారు, ఆపిన తర్వాత అద్దం మళ్ళీ ఎందుకు మసకబారిందో తెలియక గుడ్డతో తుడుస్తూ బండి నడుపుతారు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఒకటే. ఆ సమయంలో ఏసీ పని మనల్ని చల్లబరచడం కాదు, అద్దం మీదికి వెళ్ళే గాలిలోంచి నీటిని తీసివేయడం. చల్లబరచడం అందుకు సాధనం మాత్రమే, ఆ చల్లదనాన్ని మన దాకా రానివ్వకుండా హీటర్ మధ్యలోనే సరిచేస్తుంది.

ఇది అర్థం కావాలంటే ముందు అద్దానికి ఆవిరి ఎందుకు పడుతుందో చూడాలి. గాలిలో నీటి ఆవిరి ఎప్పుడూ ఉంటుంది, అయితే ఎంత ఉండగలదన్నది ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. ఒక ఘనపు మీటరు గాలిలో 30 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 30 గ్రాముల ఆవిరి ఉండగలదు, 20 డిగ్రీల వద్ద 17 గ్రాములు, 10 డిగ్రీల వద్ద 9 గ్రాములకు కాస్త పైన, సున్నా వద్ద 5 గ్రాముల కంటే కొంచెం తక్కువ. ఆవిరి నిండిన గాలిని చల్లబరిస్తే పట్టనంత ఆవిరి నీరై బయటపడక తప్పదు. ఎంతవరకు చల్లబడితే నీరు బయటపడటం మొదలవుతుందో ఆ ఉష్ణోగ్రతనే పాఠ్యపుస్తకాల్లో తుషార స్థానం అంటారు. వేసవిలో చల్లని నీళ్ళ గ్లాసు బయటి వైపు తడిసినట్టే కారు అద్దం లోపలి వైపు తడుస్తుంది, ఎందుకంటే అద్దపు ముఖం ఉష్ణోగ్రత కారు లోపలి గాలి తుషార స్థానం కంటే కిందికి దిగింది. అద్దం చల్లగా ఉండటం ఒక్కటే ఆవిరి పట్టడానికి చాలదు, గాలి తడిగా ఉండటం ఒక్కటే చాలదు. రెండింటి మధ్య తేడా ఎటు ఉందన్నదే ముఖ్యం. కాబట్టి మనకు దారులు రెండే ఉన్నాయి: అద్దాన్ని వెచ్చబరచాలి, లేదా గాలి తుషార స్థానాన్ని దించాలి. ఆ మీట నడిపే ఏర్పాటు, అంటే డిఫ్రాస్టర్, ఈ రెండు పనులనూ ఒకేసారి చేస్తుంది.

మరి కారు లోపలి గాలిలోకి అంత నీరు ఎక్కడి నుంచి వస్తుంది? మన నుంచే వస్తుంది. కదలకుండా కూర్చున్న మనిషి ఊపిరి ద్వారా, చర్మం ద్వారా కలిపి గంటకు సుమారు 40 నుంచి 50 గ్రాముల నీటిని గాలిలోకి వదులుతాడు. నలుగురు కూర్చుంటే గంటకు దాదాపు 200 గ్రాములు. ఒక మోస్తరు కారు లోపల ఉండే గాలి సుమారు 3 ఘనపు మీటర్లు. 15 డిగ్రీల వద్ద ఘనపు మీటరు గాలిలో 13 గ్రాములకు మించి ఆవిరి నిలవలేదు కనుక కారంతటికీ పట్టేది 40 గ్రాముల లోపే. అంటే కిటికీలు మూసి, బయటి గాలి రాకుండా చేసి, ఒక్క చుక్క తేమ లేని గాలితో మొదలుపెట్టినా నలుగురు మనుషులు దాదాపు 12 నిమిషాల్లో ఆ గాలిని పూర్తిగా నింపేయగలరు. నిజానికి గాలి ఎప్పుడూ సగానికి పైగా నిండే ఉంటుంది, వాన రోజున తడి గొడుగులు, తడి బట్టలు, తడిసిన మ్యాట్లు తోడవుతాయి. అందుకే బండి ఎక్కిన కొద్ది నిమిషాల్లోనే అద్దం మసకబారుతుంది.

మసకబారడం అంటే ఏమిటో కొంచెం దగ్గరి నుంచి చూద్దాం. అద్దం మీద చేరిన నీరు పొరలా పరుచుకుంటే మనకు పెద్దగా అడ్డు ఉండదు, చూపు దాని గుండా సాగిపోతుంది. అయితే అద్దం మీద చేతి జిడ్డు, డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ ఎండకు వదిలే ఆవిరుల వల్ల ఏర్పడిన సన్నటి పొర ఉంటాయి. వాటి వల్ల నీరు పరుచుకోలేక కంటికి విడివిడిగా కనిపించనంత చిన్న బొట్లుగా ముడుచుకుంటుంది. ప్రతి బొట్టూ వెలుతురును తనకు తోచిన దిక్కుకు వంచుతుంది. పగలు ఇది తెల్లటి తెరలా కనిపిస్తుంది, రాత్రి ఎదుటి బండి హెడ్‌లైటు పడితే అద్దమంతా ఒక్కసారిగా వెలుగుతో నిండి రోడ్డు కనిపించకుండా పోతుంది. అరచేత్తో తుడిస్తే ఆ క్షణానికి దారి కనిపిస్తుంది కాని, చేతి జిడ్డు, ఉప్పు అక్కడే మిగులుతాయి, తర్వాతిసారి ఆ చేతి గుర్తు ఉన్న చోటే ముందుగా ఆవిరి పడుతుంది. అద్దం లోపలి వైపు శుభ్రంగా ఉంచడం ఎంత చిన్న పనైనా, డిఫ్రాస్టర్ చేయవలసిన పనిలో కొంత భాగాన్ని అది తగ్గిస్తుంది.

ఇప్పుడు ఏసీ సంగతి. ఒక చిన్న చారిత్రక విషయం ఇక్కడ చెప్పాలనిపిస్తోంది. 1902లో విల్లిస్ క్యారియర్ అనే అమెరికన్ ఇంజనీరు నేటి ఎయిర్ కండిషనింగ్‌కు మూలమైన ఏర్పాటును రూపొందించింది మనుషుల సుఖం కోసం కాదు. బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయంలో గాలి తేమ మారినప్పుడల్లా కాగితం సాగి, కుంచించుకుపోయి రంగులు ఒకదాని మీద ఒకటి సరిగా కుదరక ఇబ్బంది కలిగేది, ఆ తేమను అదుపు చేయడానికి ఆయన గాలిని చల్లటి గొట్టాల మీదుగా పంపాడు. గాలి చల్లబడటం కూడా అందులో భాగమే కాని, వాళ్ళు కోరుకున్నది పొడి గాలి. ఆ లెక్కన, ముందు అద్దం మీది ఆవిరిని తొలగించేటప్పుడు కారు ఏసీ చేస్తున్నది దాని అసలు వృత్తినే.

కారు ఏసీ చక్రాన్ని వివరంగా చెప్పబోను, అవసరమైనంత వరకే చూద్దాం. మెకానిక్కులు మామూలుగా గ్యాస్ అని పిలిచే శీతలీకరణ ద్రవ్యం ఒక మూసిన వలయంలో తిరుగుతూ ఉంటుంది. ఇంజన్ బెల్టుతో తిరిగే కంప్రెసర్ ఆ వాయువును నొక్కి, వేడెక్కించి రేడియేటర్‌కు ముందున్న కండెన్సర్‌లోకి పంపుతుంది. అక్కడ బయటి గాలి తగిలి అది వేడిని వదిలి ద్రవమవుతుంది. ఆ ద్రవం ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోని సన్నటి దారి గుండా దూరగానే పీడనం ఒక్కసారిగా పడిపోయి, డ్యాష్‌బోర్డు వెనక ఉన్న కూలింగ్ కాయిల్‌లో తక్కువ ఉష్ణోగ్రత వద్దే మరిగి మళ్ళీ వాయువవుతుంది. మరగడానికి కావలసిన వేడిని అది కాయిల్ మీదుగా పోయే గాలి నుంచి లాక్కుంటుంది. ఎన్నో ఏళ్ళుగా కార్లలో వాడుతున్న ఆర్-134ఏ అనే ద్రవ్యం మామూలు వాతావరణ పీడనం వద్ద మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది. కాయిల్‌లో పీడనాన్ని వాతావరణ పీడనానికి సుమారు 3 రెట్లు ఉండేలా చూస్తే అది సున్నాకు కొంచెం పైన మరుగుతుంది. వేడి వదిలే వైపు పీడనం ఎండ రోజున 13 నుంచి 15 రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఉంటుంది.

ఇందులో మన చర్చకు కీలకమైనది ఆ కూలింగ్ కాయిల్. అది అల్యూమినియంతో చేసిన, ఇంచుమించు ఒక లావు పుస్తకమంత ఉండే దిమ్మ. సన్నటి గొట్టాలు, వాటి మధ్య దగ్గర దగ్గరగా మడతలు పెట్టిన రేకులు ఉంటాయి. బ్లోవర్ తోసిన గాలి ఆ రేకుల సందుల్లోంచి దూరుతున్నప్పుడు దాదాపు ప్రతి గాలి పాయా చల్లటి లోహాన్ని ఒరుసుకుని పోతుంది. లోహం ఉష్ణోగ్రత గాలి తుషార స్థానం కంటే కింద ఉంటుంది కనుక, అద్దం మీద ఏ నీరు చేరవలసి ఉందో ఆ నీరు ఈ రేకుల మీదే చేరి, బొట్లు కట్టి, కిందికి జారి అడుగున ఉన్న తొట్టిలో పడుతుంది. అక్కడి నుంచి ఒక రబ్బరు గొట్టం దాన్ని కారు కిందికి వదులుతుంది. ఏసీ వేసుకుని ఆగిన కారు కింద నేల మీద కనిపించే నీళ్ళ మడుగు అదే. అది చూసి కారు లీకవుతోందని కంగారుపడేవారు ఉన్నారు, నిజానికి వేసవిలో ఏసీ నడుస్తున్నా నేల పొడిగా ఉంటేనే ఆలోచించాలి.

కాయిల్‌ను మరీ చల్లబరిస్తే రేకుల మధ్య నీరు గడ్డకట్టి గాలి దారి మూసుకుపోతుంది. అందుకే రేకుల మధ్య ఒక ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టి, సున్నాకు దగ్గరవుతున్నప్పుడు కంప్రెసర్‌ను ఆపడమో, దాని పంపు సామర్థ్యాన్ని తగ్గించడమో చేస్తారు. అంటే కాయిల్ దాటిన గాలి తుషార స్థానం సుమారు 3 నుంచి 5 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఈ అంకెను గుర్తుంచుకోండి.

కాయిల్ దాటిన గాలి తర్వాతి మజిలీ హీటర్ కోర్. అది చిన్న రేడియేటర్ వంటిది, ఇంజన్ కూలెంట్ వేడి వేడిగా దాని గుండా పారుతుంది. ఏసీ కాయిల్ ముందు, హీటర్ కోర్ తర్వాత అన్న ఈ వరుస క్రమంలోనే తెలివంతా ఉంది. గాలి మొదట చల్లబడి నీటిని వదులుతుంది, తర్వాత వేడెక్కుతుంది. వేడెక్కినప్పుడు దానిలోని ఆవిరి పెరగదు, ఆవిరిని పట్టుకోగల శక్తి మాత్రం ఎన్నో రెట్లు పెరుగుతుంది. 5 డిగ్రీల వద్ద నిండుగా ఉన్న గాలిలో ఘనపు మీటరుకు 7 గ్రాముల లోపు ఆవిరి ఉంటుంది. అదే గాలిని 40 డిగ్రీలకు వేడిచేస్తే 50 గ్రాములు పట్టగలిగిన చోట ఆ కాస్తే ఉన్నట్టు, అంటే సాపేక్ష ఆర్ద్రత 15 శాతం లోపే. అలాంటి గాలి అద్దం మీద పాకితే బొట్లను తాగేస్తుంది, తన వేడితో అద్దాన్ని కూడా వెచ్చబరుస్తుంది.

ఇక్కడ ఒక న్యాయమైన సందేహం వస్తుంది. హీటర్ ఒక్కటే వేసినా గాలి పొడిబారుతుంది కదా, ఏసీ ఎందుకు? వేడిచేస్తే సాపేక్ష ఆర్ద్రత తగ్గుతుంది, నిజమే, కాని తుషార స్థానం తగ్గదు. గాలిలోని నీరు గాలిలోనే ఉంది, చల్లటి అద్దం ఎక్కడ కనబడితే అక్కడ మళ్ళీ బయటపడుతుంది. ఒక లెక్క వేద్దాం. బయట 15 డిగ్రీలు, వాన పడుతోంది, గాలిలో తేమ 90 శాతం. అంటే ఘనపు మీటరుకు సుమారు 11.5 గ్రాముల ఆవిరి. వాన నీరు జారుతున్న అద్దం ఇంచుమించు 15 డిగ్రీల దగ్గరే ఉంటుంది, ఆ అద్దాన్ని ఆనుకున్న గాలి 12.8 గ్రాములకు మించి మోయలేదు. బ్లోవర్‌ను తగ్గించి గంటకు 100 ఘనపు మీటర్ల బయటి గాలి లోపలికి తెస్తున్నామనుకుందాం. నలుగురు మనుషులు గంటకు వదిలే 200 గ్రాములు ఆ గాలిలో కలిస్తే ఘనపు మీటరుకు 2 గ్రాములు పెరుగుతుంది. 11.5కు 2 కలిపితే 13.5, అద్దం దగ్గరి హద్దు 12.8. అద్దం మసకబారుతుంది. అదే ఏసీ వేసి ఉంటే లోపలికి వచ్చే గాలిలో 7 గ్రాముల లోపే ఉంటుంది, మనుషుల 2 గ్రాములు కలిసినా 9 దాటదు. అద్దం ఇంకా చల్లగా ఉన్నా సరే, దాని మీద బొట్టు నిలవడానికి ఆస్కారం లేదు. హీటర్ ఒక్కదానితో నెట్టుకొచ్చేవారు అద్దం మొత్తం వెచ్చబడే దాకా ఆగాలి, ఇంజన్ చల్లగా ఉన్న మొదటి నిమిషాల్లో హీటర్ దగ్గర ఇవ్వడానికి వేడే ఉండదు. ఏసీ అలా కాదు, కంప్రెసర్ తిరగడం మొదలైన కొద్ది సేపట్లోనే నీటిని తీయడం మొదలుపెడుతుంది. ఉదయం బండి తీసిన వెంటనే ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

మీట నొక్కగానే లోపల ఏం జరుగుతుందో కూడా చూద్దాం. డ్యాష్‌బోర్డు వెనక గాలిపెట్టెలో మూడు రకాల తలుపులు ఉంటాయి. ఒకటి బయటి గాలి రావాలా, లోపలి గాలే తిరగాలా అన్నది నిర్ణయిస్తుంది. రెండోది కాయిల్ దాటిన గాలిలో ఎంత భాగం హీటర్ కోర్ గుండా పోవాలో నిర్ణయిస్తుంది, మనం ఉష్ణోగ్రత నాబ్ తిప్పినప్పుడు కదిలేది ఇదే. మూడోది గాలి అద్దానికి పోవాలా, ముఖానికా, కాళ్ళకా అన్నది తేలుస్తుంది. డిఫ్రాస్ట్ నొక్కితే మొదటి తలుపు బయటి గాలి వైపు, మూడోది అద్దం వైపు తిరుగుతాయి, కంప్రెసర్‌కు ఆజ్ఞ వెళ్తుంది. వ్యాక్యూమ్‌తో ఈ తలుపులను కదిలించిన పాత పద్ధతి కార్లలో ఎన్నిటిలోనో, గొట్టం పగిలి వ్యాక్యూమ్ పోతే గాలి తనంతట తానే అద్దం వైపు మళ్ళేలా స్ప్రింగులు అమర్చారు. ఏది చెడినా డ్రైవరుకు రోడ్డు కనిపించాలి, కాళ్ళు చల్లబడినా ఫర్వాలేదు అన్న ఆ నిర్ణయం నాకు ఇంజనీరింగ్‌లో ఎంతో నచ్చే విషయాల్లో ఒకటి. అమెరికా వాహన భద్రతా ప్రమాణాల్లో 103వ నంబరు ప్రమాణం మొత్తం ముందు అద్దంపై మంచును, ఆవిరిని తొలగించే వ్యవస్థ గురించే ఉంది. ఇది సౌకర్యం కాదు, భద్రత.

లోపలి గాలినే తిప్పే మీట గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ మంది ఇబ్బంది పడేది దాని వల్లే. దుమ్ము, పొగ తప్పించుకోవడానికి దాన్ని నొక్కి మరచిపోతారు. ఏసీ గట్టిగా నడుస్తున్న వేడి రోజున దానివల్ల నష్టం తక్కువ, లోపలి గాలి పదే పదే కాయిల్ మీదుగా పోయి పొడిగానే ఉంటుంది. చలి రోజున ఏసీ ఆపి, హీటర్ వేసి, ఆ మీట నొక్కి ఉంచితే మాత్రం మనం వదిలిన ఊపిరి బయటికి పోయే దారి లేక అద్దం మీదికే చేరుతుంది. చాలా కార్లు డిఫ్రాస్ట్ నొక్కినప్పుడు దాన్ని తామే రద్దు చేయడానికి కారణం ఇదే.

ఇంకొక ఇబ్బంది ఉంది, అది తెలియనివారిని నిజంగా భయపెడుతుంది. ఏసీ చాలాసేపు నడిచాక కాయిల్ రేకుల మధ్య నీరు నిండుగా నిలిచి ఉంటుంది. అప్పుడు గాలి అద్దం వైపే కొడుతూ ఉండగా ఏసీని ఆపితే, కాయిల్ వెచ్చబడటం మొదలై, ఆ నీరంతా మళ్ళీ ఆవిరై, బ్లోవర్ గాలితో పాటు నేరుగా అద్దానికి తగులుతుంది. కొద్ది సేపట్లోనే అద్దం మొత్తం తెల్లబడిపోతుంది. ఏసీ తీసిన నీటిని మనమే తిరిగి లోపలికి పంపినట్టు. వేగంగా పోతున్నప్పుడు ఇలా జరిగితే ప్రమాదమే. అలా జరిగినప్పుడు ఏసీని తిరిగి వేయడమే మందు. అందుకే కొన్ని కార్లలో డిఫ్రాస్ట్ ఉన్నంతసేపు ఏసీ దీపాన్ని నొక్కినా కంప్రెసర్ ఆగదు. కాయిల్ మీద బూజు వాసన రాకుండా ప్రయాణం ముగిసే ముందు ఏసీ ఆపి బ్లోవర్ మాత్రం నడపమని సలహా ఇస్తుంటారు. సలహా మంచిదే, అయితే ఆ గాలిని ముఖం వైపు గానీ కాళ్ళ వైపు గానీ మళ్ళించి, కిటికీ కాస్త దించిన తర్వాతే ఆ పని చేయాలి.

ఇంతవరకు చెప్పినదానికి పూర్తిగా తలకిందులైన సందర్భం ఒకటి ఉంది. బయట వేడిగా, ఉక్కగా ఉంది, ఏసీ గాలి చాలా చల్లగా పెట్టుకున్నాం, అందులో కొంత అద్దానికి తగులుతోంది. అప్పుడు అద్దం చల్లబడి, దాని బయటి వైపు బయటి గాలి తుషార స్థానం కంటే కిందికి దిగుతుంది, ఆవిరి బయట పడుతుంది. లోపల ఎంత తుడిచినా పోదు. ఇక్కడ ఏసీని పెంచితే పరిస్థితి ఇంకా చెడుతుంది. వైపర్ ఒకసారి తిప్పి, గాలిని అద్దం మీది నుంచి ముఖం వైపు మళ్ళించి, ఉష్ణోగ్రతను రెండు మూడు డిగ్రీలు పెంచితే సరిపోతుంది. వేలితో ఒకసారి లోపలి వైపు గీసి చూస్తే ఆవిరి ఏ వైపు ఉందో తెలిసిపోతుంది, ఏం చేయాలో ఆ తర్వాతే నిర్ణయించుకోవాలి. అద్దం మసకబారగానే ఏదో ఒక మీట నొక్కే అలవాటు కంటే ఈ చిన్న పరీక్ష ఎంతో మేలు.

గడ్డకట్టే చలిలో మళ్ళీ వేరే కథ. బయట ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా వచ్చాక చాలా కార్లలో, దీపం వెలుగుతున్నా, కంప్రెసర్ తిరగదు. ఆ చలిలో శీతలీకరణ ద్రవ్యం పీడనం తగ్గిపోతుంది, కాయిల్ మీద నీరు గడ్డకట్టే అవకాశం ఉంటుంది, కనుక సెన్సర్లు దాన్ని ఆపి ఉంచుతాయి. దానివల్ల నష్టం లేదు, ఎందుకంటే అంత చల్లటి గాలిలో నీరే ఉండదు. మైనస్ 10 డిగ్రీల గాలి ఎంత నిండుగా ఉన్నా ఘనపు మీటరుకు 2 గ్రాములకు కాస్త పైనే మోస్తుంది. అంటే ఏసీ కాయిల్ ఇవ్వగలిగిన దానికంటే పొడి గాలి బయట సిద్ధంగా ఉంది, దాన్ని తెచ్చి హీటర్ మీదుగా పంపితే చాలు. మన ఊపిరి 2 గ్రాములు కలిపినా 5 గ్రాముల లోపే, కాబట్టి అద్దం లోపలి ముఖాన్ని సున్నాకు కొంచెం పైకి చేరిస్తే ఆవిరి నిలవదు. అద్దం బయట పేరుకున్న మంచును కరిగించడం మాత్రం ఇంకో ఎత్తు. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్ళ వేడి కావాలి, ఆ వేడి అంతా అద్దం మందం గుండా బయటికి పోవాలి, పైగా ఇంజన్ ముందుగా వేడెక్కాలి. తొందరపడి వేడినీళ్ళు పోస్తే అద్దంలో ఒక చోట వ్యాకోచించి పక్క చోట వ్యాకోచించక పగుళ్ళు రావచ్చు, ముఖ్యంగా రాయి తగిలిన చిన్న గాటు ముందే ఉంటే.

వెనక అద్దం గురించి ఒక్క మాట. దాని మీద కనిపించే సన్నటి గీతలు విద్యుత్తుతో వేడెక్కే వాహక పూతలు, వాటికీ ఏసీకీ సంబంధం లేదు. కరెంటు ఎక్కువ తాగుతాయి కనుక చాలా కార్లలో కొన్ని నిమిషాల తర్వాత వాటంతట అవే ఆగిపోతాయి. తుడిచేటప్పుడు గీతల వెంబడి తుడవాలి, అడ్డంగా గీరితే తెగిపోతాయి.

ఏసీ, హీటర్ ఒకే గాలి దారిలోకి రావడం కార్ల చరిత్రలో మొదటి నుంచీ ఉన్నది కాదు. 1939లో అమెరికాలో ప్యాకార్డ్ సంస్థ తన 1940 మోడల్ కార్లకు ఏసీని ప్రకటించినప్పుడు కూలింగ్ కాయిల్ వెనక డిక్కీలో ఉండేది, చల్లగాలి వెనక సీటు వైపు నుంచి వచ్చేది, కంప్రెసర్‌కు క్లచ్ లేక, ఏసీ వద్దనుకుంటే బెల్టు తీసేయవలసి వచ్చేది. అలాంటి అమరికకు ముందు అద్దంతో పనేముంది! 1954లో న్యాష్ సంస్థ హీటరును, ఏసీని కలిపి కారు ముందు భాగంలోనే ఇమిడ్చిన తర్వాతే నేటి రూపానికి దారి పడింది. ద్రవ్యాలు కూడా మారాయి. ఓజోన్ పొరకు హాని చేసే ఆర్-12 వాడకం 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత తగ్గుతూ 1990ల మధ్య నాటికి కొత్త కార్లలో ఆర్-134ఏ స్థిరపడింది, దాని స్థానంలోకి ఇప్పుడు భూతాపాన్ని చాలా తక్కువగా పెంచే ఆర్-1234వైఎఫ్ వస్తోంది. అద్దానికి మాత్రం వీటి మధ్య తేడా తెలియదు.

చెడిపోయినప్పుడు అద్దమే ముందుగా చెబుతుంది. చలికాలంలో అన్నీ సరిగా పెట్టినా ఆవిరి పోవడానికి మునుపటి కంటే ఎక్కువసేపు పడుతోందంటే గ్యాస్ తగ్గిపోయి ఉండవచ్చు, చల్లదనం అవసరం లేని రోజుల్లో ఆ లోపం బయటపడే చోటు ఇదొక్కటే. గాలి జోరు తగ్గితే క్యాబిన్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయిందేమో చూడాలి. డ్రైవరు పక్క సీటు కింది కార్పెట్ తడిగా ఉంటే కాయిల్ నీరు బయటికి పోయే గొట్టం పూడిపోయి నీరు లోపలికే మళ్ళుతోందని అనుమానించాలి. అలాంటి కారులో రాత్రంతా ఆవిరి కమ్మి, తెల్లారేసరికి అద్దాలన్నీ లోపలి నుంచి తడిసి ఉంటాయి. తుడిస్తే జిడ్డుగా సాగే పొర, దానితో పాటు తియ్యటి వాసన ఉంటే అది నీటి ఆవిరి కాదు, హీటర్ కోర్ నుంచి కారుతున్న కూలెంట్. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ విషపూరితం, అలాంటి బండిని వెంటనే మెకానిక్‌కు చూపించాలి.

ఏసీ వేస్తే ఇంధనం ఖర్చవుతుంది కదా అన్నవారికి నా జవాబు: అవుతుంది, అయితే చల్లటి రోజున వేసవి అంత కాదు. బయటి గాలి చల్లగా ఉన్నప్పుడు కండెన్సర్ వేడిని సులువుగా వదులుతుంది, వేడి వదిలే వైపు పీడనం తక్కువగా ఉంటుంది, కంప్రెసర్ నొక్కవలసిన శ్రమ తగ్గుతుంది. పైగా కంప్రెసర్‌కు కావలసిన నూనె గ్యాస్‌తో పాటే వలయంలో తిరుగుతుంది, చలికాలంలో అప్పుడప్పుడు డిఫ్రాస్ట్ కోసం తిరగడం వల్ల దాని సీళ్ళు ఎండిపోకుండా ఉంటాయి. అద్దం స్పష్టంగా మారి, లోపల పొడిగా ఉంటే, డిఫ్రాస్ట్ నుంచి మామూలు స్థితికి వచ్చి బ్లోవర్‌ను తగ్గించుకోవడంలో తప్పేమీ లేదు.

ఎలక్ట్రిక్ కార్లలో ఈ లెక్క కొంచెం కఠినమవుతుంది. ఇంజన్ నుంచి ఉచితంగా వచ్చే వేడి అక్కడ లేదు. బ్యాటరీ కరెంటుతో నడిచే హీటరు గానీ, బయటి గాలిలోని వేడిని లోపలికి చేర్చే హీట్ పంపు గానీ ఆ వేడిని అందించాలి, ఆ మేరకు ప్రయాణించగల దూరం తగ్గుతుంది. అందుచేత అవసరానికి మించి బయటి చల్లగాలిని తెచ్చి వేడిచేయడం ఖరీదైన పని, లోపలి గాలినే తిప్పుదామంటే ఊపిరి ఆవిరి అడ్డం వస్తుంది. ఈ పీటముడిని విప్పడానికి కొన్ని కార్లలో అద్దం పైభాగాన, వెనక చూపే అద్దం దగ్గర, ఒక తేమ సెన్సర్ పెడుతున్నారు. అది అద్దం ఉష్ణోగ్రతను, దాన్ని ఆనుకున్న గాలి తేమను కొలిచి, తుషార స్థానానికి ఎంత దూరంలో ఉన్నామో లెక్కగట్టి, ఎంత బయటి గాలి రావాలో, కంప్రెసర్ ఎప్పుడు తిరగాలో తేలుస్తుంది. మనం కంటితో ఆవిరి చూసి మీట నొక్కేది ఆవిరి పట్టిన తర్వాత, ఆ సెన్సర్ పని పట్టక ముందే మొదలవుతుంది. అందుకే అలాంటి కారులో ఆటో స్థితిలో ఉండగా, ఏ కారణమూ కనబడకుండా ఏసీ దీపం వెలిగి, కాసేపటికి ఆరిపోతే, దాన్ని అలా వదిలేయడమే నేను సూచించేది.